స్వామి పెళ్లికి పిలవడానికి వస్తే మన ఇంటికి తాళం: అహోబిల మఠం ఆరు వందల ఏళ్ల కథ

 

నవ నారసింహ క్షేత్రాల వీడియో చూసినవాళ్లలో చాలామంది ఒకే మాట అడిగారు: "అన్నా, తొమ్మిది గుళ్లూ చూపించావు. మధ్యలో మఠం, జీయర్ స్వామి అన్నావు. అసలు మఠం అంటే ఏంటి? గుడి వేరు, మఠం వేరా?"

మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే, మూడేళ్ల కిందటి వరకు నాకూ తెలీదు. మా అవ్వది ఆళ్లగడ్డ పక్కన ఒక చిన్న పల్లె. చిన్నప్పుడు సెలవులకి వెళ్లినప్పుడల్లా అహోబిలం వెళ్లేవాళ్లం. దిగువ గుడి, ఎగువ గుడి, కోతులు, పులిహోర ప్రసాదం, తిరుగు బస్సు. నా బుర్రలో అహోబిలం అంటే అంతే. మఠం గురించి నాకు పాఠం చెప్పింది పుస్తకం కాదు, మా ఊరి ఇంటికి వేసిన తాళం. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు పాఠం.

మఠం అంటే ఏంటి?

గుడి దేవుడి ఇల్లు. మఠం గురువు ఇల్లు. గుడిలో అర్చన జరుగుతుంది, మఠంలో ఆ అర్చన ఎందుకు చేస్తామో నేర్పే చదువు జరుగుతుంది. సన్యాసి అయిన గురువు, ఆయన దగ్గర చదువుకునే శిష్యులు, నిత్య పూజ, వచ్చినవాళ్లకి అన్నం, తాళపత్ర గ్రంథాలు, వీటన్నిటికీ ఆధారంగా రాజులో, రైతులో ఇచ్చిన భూములు. ఇవన్నీ కలిస్తే మఠం.

ఇలాంటిది మన దగ్గరే కాదు, ప్రపంచంలో వేరే చోట్లా ఉంది. మధ్యయుగాల యూరప్‌లో పల్లెల్లో 'ప్రయరీ' అని చిన్న చిన్న క్రైస్తవ ఆశ్రమాలు ఉండేవి. ఒక పెద్ద, ఆయన కింద కొంతమంది సన్యాసులు, ప్రార్థన, పొలం, పుస్తకాలు రాసుకోవడం, దారిన పోయేవాళ్లకి ఆశ్రయం. వినడానికి మన మఠంలాగే ఉంది కదా? కానీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ బెనెడిక్ట్ నియమం పాటించే సన్యాసి, చేరిన చోటే జీవితాంతం ఉంటానని మాట ఇవ్వాలి. అహోబిలం జీయర్ దీక్ష దానికి పూర్తిగా తలకిందులు. ఆయన ఒక్కచోట కూర్చోకూడదు. దేవుణ్ణి వెంటబెట్టుకుని ఊరూరా తిరగాలి. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం దీని మీదే నడుస్తుంది.

మఠం రాకముందు కొండ

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా వెళ్తే అహోబిలం నల్లమల అంచున ఉంటుంది. దిగువ అహోబిలం ఊళ్లో, ఎగువ అహోబిలం దాదాపు 8 కిలోమీటర్లు లోపల, అడవిలో. మధ్యలో భవనాశిని వాగు.

శ్రీవైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఇదొకటి. తిరుమంగై ఆళ్వార్ తన పెరియ తిరుమొళిలో ఈ కొండ మీద పది పాశురాలు పాడారు. వాటిలో ఆయన అందాన్ని వర్ణించడం కంటే, ఇక్కడికి చేరడం ఎంత కష్టమో ఎక్కువ చెప్తారు. ఎండ, రాళ్లు, క్రూర మృగాలు, వేటగాళ్లు. వెయ్యేళ్లకు పైగా గడిచాక, ఇవాళ మనం ఉగ్రస్తంభం ఎక్కుతూ మోకాళ్లు పట్టుకుని పడే అవస్థ చూస్తే ఆళ్వార్ మాట నిజమే అనిపిస్తుంది.

14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల్లో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి, శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానంలో ఉన్న ఎర్రాప్రగడ, మహాభారతంలో అరణ్యపర్వం శేషం పూర్తిచేసిన ఆ ఎర్రనే, నృసింహపురాణం రాసి అహోబల స్వామికి అంకితమిచ్చాడు. అంటే మఠం పుట్టేనాటికే గుడి ఉంది, మెట్లు ఉన్నాయి, తెలుగులో స్వామి కథ ఉంది. లేనిదల్లా, ఈ అడవిలో ఉన్న స్వామిని ఊళ్లలో ఉన్న మనుషుల దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు.

ఇరవై ఏళ్ల కుర్రాడు

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. మఠ సంప్రదాయం ప్రకారం 1379లో కర్ణాటకలోని మేల్కోటలో శ్రీనివాసాచార్యులు అనే పిల్లవాడు పుట్టాడు. చదువు కంచిలో, ఘటికాశతం అమ్మాళ్ అనే గొప్ప ఆచార్యుడి దగ్గర. ఒకరోజు కలలో నరసింహస్వామి కనిపించి, 'అహోబిలం రా' అన్నాడట. బయల్దేరాడు. ఇక్కడికి వచ్చాక స్వామే యతి రూపంలో వచ్చి సన్యాసం ఇచ్చాడని, త్రిదండం చేతికిచ్చాడని సంప్రదాయం చెప్తుంది. సుమారు 1398 నాటి సంగతి ఇది.

లెక్క వేయండి. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు! మీలో చాలామంది ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండే వయసు. కన్నడ నేల మీద పుట్టి, తమిళ నేల మీద చదివి, తెలుగు కొండ మీద సన్యాసం తీసుకున్న ఆ కుర్రాడే ఆదివణ్ శఠగోప యతీంద్ర మహాదేశికులు. అహోబిల మఠానికి మొదటి జీయర్.

స్వామి ఆయనకిచ్చిన ఆజ్ఞ ఏంటంటే, 'నన్ను తీసుకుని ఊరూరా వెళ్లు. కొండ ఎక్కలేనివాళ్ల దగ్గరికి నేనే వెళ్తాను.' తొమ్మిది మంది నరసింహుల్లో ఎవర్ని తీసుకెళ్లాలి? జీయర్ ప్రార్థిస్తూ చేతులు చాపితే, మాలోల నరసింహుడి ఉత్సవమూర్తి వచ్చి ఆయన చేతుల్లో వాలిందని చెప్తారు. 'మా' అంటే లక్ష్మి. మాలోలుడంటే లక్ష్మీదేవి మీద ప్రేమ నిండిన స్వామి, శాంతమూర్తి. చూశారా, ఊళ్లోకి వెళ్లడానికి ఉగ్రుడు కాదు, ప్రేమమూర్తి ముందుకొచ్చాడు. నాకు ఈ కథలో బాగా నచ్చిన చోటు ఇదే.

ఈనాటికీ జీయర్ స్వామి ఎక్కడికి వెళ్తే అక్కడికి మాలోలుడు వెళ్తాడు. అందుకే అహోబిల మఠానికి అడ్రస్ ఏది అంటే, మాలోలుడు ఆ పూట ఎక్కడ ఆరగింపు చేస్తే అది. మఠాధిపతుల్ని భక్తులు 'అళగియ సింగర్' అంటారు, అందమైన సింహం అని అర్థం. ప్రస్తుతం పీఠంలో ఉన్న శ్రీ రంగనాథ యతీంద్ర మహాదేశికులు 46వ వారు.

మన అన్నమయ్యకీ ఈ మఠానికీ సంబంధం ఉంది. 1408లో పుట్టిన తాళ్లపాక అన్నమాచార్యులు, తిరుమల చేరాక, అహోబిలంలో ఈ శఠగోప యతి దగ్గరే వేదాంతం చదువుకున్నారని తాళ్లపాక వారి సంప్రదాయం. ఆయన సంకీర్తనల్లో అన్నిసార్లు అహోబలేశుడు ఎందుకు కనిపిస్తాడో ఇప్పుడు అర్థమైంది కదా. ఈసారి వినేటప్పుడు, తన గురువుగారి ఊరి దేవుణ్ణి తలుచుకుంటున్నాడని గుర్తుపెట్టుకుని వినండి. వేరేగా వినిపిస్తుంది.

రాయలు వచ్చాడు

దిగువ అహోబిలం గుడిలో ఒక శాసనం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర మధ్యలో, 1515-16 ప్రాంతంలో ఇక్కడికి వచ్చాడు. అప్పటికే ఉదయగిరి, కొండవీడు గెలిచాడు. స్వామికి ఒక కంఠహారం, పతకం, కెంపుల కడియాలు, బంగారు పళ్లెం, వెయ్యి వరహాలు, చాగలమర్రి సీమలోని మద్దూరు గ్రామం సమర్పించాడు. రాణి కూడా ఒక పతకం ఇచ్చింది.

మనం నగల లిస్టు చదివి 'అబ్బో' అనుకుని వెళ్లిపోతాం. కానీ ఆ లిస్టులో అసలు విలువైనది బంగారం కాదు, మద్దూరు. నగ స్వామి మెడలో ఉంటుంది, అంతే. ఊరు ఇస్తే, ఆ ఊరి పంటలో రాజు భాగం ఏటా గుడికి వస్తుంది. దాంతో దీపం వెలుగుతుంది, నైవేద్యం వండుతారు, వచ్చిన బాటసారికి అన్నం పెడతారు, విద్యార్థి చదువుకుంటాడు. యూరప్ ప్రయరీ నడిచిందీ ఇలాగే, పొలం మీదే. ఒక క్షేత్రం బతకాలంటే భక్తి ఒక్కటే సరిపోదు, దాని చుట్టూ ఉన్న పల్లెలు బతకాలి. ఈ పాయింట్ కూడా పక్కన పెట్టుకోండి.

పోయిన ఐదారేళ్లు

ఇప్పుడు కష్టమైన భాగం. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం దెబ్బతింది. రాజధాని పెనుకొండకి మారింది. 1579 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సైన్యం, హండే నాయకుల తోడుతో అహోబిలం మీద పడి దోచుకుంది. ఐదారేళ్లు ఈ సీమ వాళ్ల చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ మధ్య ఇలాంటి కథ వినగానే రక్తం మరిగే కామెంటరీ మొదలవుతుంది. చరిత్ర అంత సులువుగా ఉండదు. సైన్యానికి తోడొచ్చిన హండే నాయకులు మనవాళ్లే, హిందువులే. ఆ ఇబ్రహీం కుతుబ్ షానే తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు పద్యాన్ని ప్రేమించిన మనిషి సైన్యమే తెలుగువాళ్ల గుడిని దోచింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచడం నాకు ఇష్టం లేదు. గుడి పోయిన బాధ నిజం, ఆ బాధని తగ్గించి చెప్పక్కర్లేదు. అలాగని దాన్ని ఇవాళ పక్కింటివాడి మీద కోపంగా మార్చుకోనూ అక్కర్లేదు.

మరి గుడి ఎలా తిరిగి వచ్చింది? అప్పటి జీయర్ వణ్ శఠగోప స్వామి చేతిలో సైన్యం లేదు. గుడీ లేదు. కానీ ఇందాక చెప్పాను కదా, ఈ మఠం గోడల్లో లేదు, నడిచే మనిషిలో ఉంది. ఆయన వెళ్లి పెనుకొండ రాజు శ్రీరంగరాయల్ని అడిగాడు. రాజు ఆ పని కొండ్రాజు వెంకటరాజు, తిరుమలరాజులకి అప్పజెప్పాడు. వాళ్లు గెలిచి, గుడిని మళ్లీ నిలబెట్టి జీయర్‌కి అప్పగించారు. ఈ కథంతా 1584 నాటి శాసనంలో అహోబిలంలోనే ఉంది.

ఇంగ్లండ్‌లో ఇదే శతాబ్దంలో, 1536 నుంచి 1540 మధ్య ఎనిమిదో హెన్రీ రాజు ఆశ్రమాలన్నీ మూయించాడు. వందల ప్రయరీలు పోయాయి. భూమి పోయింది, గోడలు కూలాయి, సన్యాసులు చెదిరిపోయారు. చాలావరకు ఇవాళ టికెట్ కొనుక్కుని చూసే మొండిగోడలే. వాటి ప్రాణం ఆ చోటులో ఉంది, చోటు పోతే ప్రాణం పోయింది. అహోబిలం చోటు పోయినా మళ్లీ రాగలిగింది. రాజుల సాయం ఒక కారణం. పోయింది అని ఒప్పుకోకుండా వెళ్లి అడిగే ఒక మనిషి మిగిలి ఉండటం ఇంకో కారణం.

అడవి బిడ్డల అల్లుడు

ఏడవ జీయర్ సంస్కృతంలో ఒక నాటకం రాశారు, పేరు వాసంతికా పరిణయం. కథ ఏంటో తెలుసా? నరసింహస్వామి అడవిలో ఒక చెంచు అమ్మాయిని చూసి ప్రేమించి పెళ్లి చేసుకోవడం. మన చెంచులక్ష్మి కథే. వేదాంతం చెప్పే సన్యాసి, పీఠాధిపతి, కూర్చుని అడవిపిల్ల పెళ్లి కథ రాశాడు! నల్లమల చెంచులు నేటికీ స్వామిని 'మా అల్లుడు' అంటారు. కొండ మీది దేవుడికీ అడవి మనుషులకీ ఉన్న చుట్టరికాన్ని మఠం చెరిపెయ్యలేదు, తన సాహిత్యంలోకి తెచ్చుకుంది.

ఆ చుట్టరికం కళ్లారా చూడాలంటే పార్వేట చూడాలి. సంక్రాంతి మర్నాడు, కనుమ రోజున మొదలవుతుంది. ఎగువ నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ నుంచి ప్రహ్లాదవరదుడు, ఇద్దరూ ఒకే పల్లకీ ఎక్కుతారు. చెంచులు పల్లకీ వైపు బాణాలు వేసి స్వామిని సాగనంపుతారు. అక్కడి నుంచి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతాడు స్వామి. ఎందుకు? ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల్లో తన కల్యాణం ఉంది. దానికి రమ్మని తనే స్వయంగా పిలవడానికి.

వాట్సాప్‌లో శుభలేఖ పంపించి పని అయిపోయిందనుకునే కాలం మనది. ఇక్కడ పెళ్లికొడుకే నలభై రోజులు ఊరూరా తిరిగి పిలుస్తున్నాడు. ఆదివణ్ శఠగోపులకి స్వామి ఏం చెప్పాడు? 'నేనే వాళ్ల దగ్గరికి వెళ్తాను.' ఆ మాట దేశం మొత్తానికి మాలోలుడి రూపంలో నడుస్తోంది, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలకి పార్వేట పల్లకీ రూపంలో నడుస్తోంది.

ఇవాళ్టి మఠం

ఇదంతా పాత కథ అనుకోకండి. శ్రీరంగం వెళ్లినవాళ్లు 236 అడుగుల రాజగోపురం చూసే ఉంటారు. కొన్ని వందల ఏళ్లు మొండిగా మిగిలిపోయిన ఆ గోపురాన్ని పూర్తి చేయించింది అహోబిల మఠం 44వ జీయర్. 1987లో కుంభాభిషేకం జరిగింది. ఎక్కడి ఆళ్లగడ్డ, ఎక్కడి శ్రీరంగం!

ఇంకోటి. మఠం పరిపాలన ఇప్పుడు తమిళనాడు నుంచి నడుస్తుంది, గుడి ఆంధ్రలో ఉంది. కాబట్టి రెండూ వేరని, గుడికి ప్రభుత్వం ఈవోని నియమించొచ్చని ఒక వాదన వచ్చింది. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, గుడి మఠంలో భాగమేనని, ఆ నియామకం చెల్లదని చెప్పింది. 2023లో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. మీరు అడిగిన 'గుడి వేరు, మఠం వేరా' అన్న ప్రశ్న, చూడండి, కోర్టు దాకా వెళ్లిన ప్రశ్న.

తాళం సంగతి

ఇప్పుడు నా కథ. మా అవ్వ ఉన్నన్నాళ్లూ, పార్వేట పల్లకీ మా ఊరికి వచ్చే రోజు ఇంట్లో పండగ కంటే ఎక్కువ హడావిడి. తెల్లారకముందే వాకిలి అలికి ముగ్గు పెట్టేది. గడపకి పసుపు రాసేది. టెంకాయ పట్టుకుని పల్లకీ దించే అరుగు దగ్గరికి అందరికంటే ముందు పోయేది. ఎవరైనా ఆ రోజు ఊరికి పోతానంటే తిట్టేది. "సామి పెండ్లికి పిల్చను వొస్తాంటే ఇంట్లో మనిషి లేకుంటే ఎట్ల నాయనా? పిల్చినోళ్లకి మొగం చూపీకపోతే మర్యాదనా?"

మేం నవ్వేవాళ్లం. దేవుడు మనిల్లు చూసుకుంటాడా అవ్వా అని.

అవ్వ పోయాక ఇంటికి తాళం పడింది. నాన్న హైదరాబాద్, చిన్నాన్న బెంగళూరు. మొదటి ఏడాది పార్వేట రోజు పక్కింటి పెద్దమ్మ ఫోన్ చేసింది. "సామి వొచ్చినాడు నాయనా. మీ ఇల్లు ఒగటే చీకటిగా ఉండాది." అంతే, పెట్టేసింది. ఆ రోజు నేను ఆఫీసులో ఏదో మీటింగ్‌లో ఉన్నాను. ఆ మాట తర్వాత ఆ మీటింగ్‌లో ఏం మాట్లాడారో నాకు గుర్తులేదు.

అప్పుడే మొదలుపెట్టాను ఇదంతా చదవడం. శాసనాలు, మఠం, జీయర్లు. చదివే కొద్దీ ఒకటి అర్థమైంది. రాయలు ఇచ్చిన ఊళ్లు, పోరాడి తెచ్చుకున్న గుడి, వీటన్నిటి చివర ఉన్నది మా అవ్వలాంటి మనిషి. ఆరు వందల ఏళ్లుగా స్వామి నడుస్తూనే ఉన్నాడు. ఆయన నడక ఆగలేదు. ఆయన వచ్చేసరికి తలుపు తీసే మనిషే తగ్గిపోతున్నాడు. 1579లో సైన్యం వచ్చి గుడి ఖాళీ చేసింది. మా ఇంటిని ఏ సైన్యమూ ఖాళీ చేయలేదు, మేమే చేశాం. చదువుకోసం, ఉద్యోగం కోసం. తప్పని నేను అనడం లేదు, నేనూ అదే చేశాను. కానీ దానికో ఖరీదు ఉందని ఆ ఫోన్ వచ్చేదాకా తెలీలేదు.

మరుసటి ఏడు సెలవు పెట్టి వెళ్లాను. తాళం తుప్పు పట్టి రాలేదు, కొట్టి తీయాల్సి వచ్చింది. ముగ్గు నాకు రాదు, పెద్దమ్మ వేసింది. సాయంత్రం దీపం పెట్టి, టెంకాయ తీసుకుని అరుగు దగ్గరికి వెళ్లాను. పల్లకీ వచ్చింది. హారతి వెలుతురులో స్వామి ముఖం చూస్తూ ఏం కోరుకోవాలో తోచలేదు. "మా అవ్వ లేదు స్వామీ, నేనొచ్చాను" అని మాత్రం అన్నాను.

ఇల్లు అమ్మేద్దాం అని నాన్న అంటున్నాడు. గోడ పడిపోయేట్టుంది, రిపేరుకి డబ్బు కావాలి, ఆయన మాటలోనూ న్యాయం ఉంది. వచ్చే పార్వేట దాకా ఆగమని అడిగాను. ఆ తర్వాత ఏమవుతుందో ఇంకా తేలలేదు.

మీరు వెళ్లేటప్పుడు

మీ అందరికీ పల్లెలో ఇల్లు ఉండకపోవచ్చు. అయినా అహోబిలం వెళ్లేటప్పుడు మూడు పనులు చేయండి.

ఒకటి, తొమ్మిది గుళ్లూ ఒక్కరోజులో టిక్ పెట్టేయాలని పరిగెత్తకండి. రెండు రోజులు పెట్టుకోండి. దిగువ గుడిలో శాసనాల దగ్గర కాసేపు నిలబడండి. చదవలేకపోయినా పర్లేదు, అది ఏం చెప్తోందో ఇప్పుడు మీకు తెలుసు.

రెండు, ఎగువ అహోబిలంలో గుహాలయం దగ్గర, ఆరవ జీయర్ పరాంకుశ స్వామి ఇక్కడే గుహలోకి వెళ్లి నేటికీ తపస్సులో ఉన్నారని భక్తుల నమ్మకం. అక్కడ గట్టిగా మాట్లాడకండి, రీల్స్ తీయకండి. అడవిలో ప్లాస్టిక్ వదలకండి. అది చెంచుల ఇల్లు, మనం అల్లుడి తరఫు చుట్టాలం.

మూడు, మీ సొంతూరు ఏదైనా సరే, అక్కడి దేవుడు ఏ రోజు ఊరేగింపుకి బయటికి వస్తాడో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఫోన్‌లో గుర్తుపెట్టుకోండి. కుదిరితే ఆ రోజు వెళ్లండి. వెళ్లి తలుపు తీయండి.

వచ్చే వీడియోలో భార్గవ నరసింహుడి కోనేరు దగ్గర కలుద్దాం. అప్పటిదాకా, జై నారసింహ.